కంట్లో మూడు దీపాలు

రండి, ఇటుపక్క కూర్చోండి, అటువైపు పొగ కొడుతోంది. గుడివాడలో చలేమిటని అనుకుంటారు గానీ, ధనుర్మాసంలో తెల్లారగట్ల కాలవల మీంచి మంచు లేచిందంటే ఎదురింటి గుమ్మం కనపడదు. అందుకే రాత్రి భోజనాలయ్యాక పెరట్లో నాలుగు కొబ్బరి మట్టలు పోగేసి మంట వేసుకుంటాం. మీలాంటివాళ్ళు ఎవరైనా వస్తే కబుర్లు కూడా వేడెక్కుతాయి.

అదుగో, గాలి మళ్ళింది. కళ్ళు మండుతున్నాయా? నులమకండి. రెండుసార్లు రెప్పలు ఆర్చండి చాలు. మసక విడిపోయిందా?

ఈ కబురు అక్కణ్ణించే మొదలెడతాను. ఈ మంట వెలుగు మీ కంటికి చేరగానే మొట్టమొదట తగిలేది కన్నీటినే. ఏడిస్తే వచ్చేదొక్కటే కన్నీరు కాదండీ. మెలకువగా ఉన్నంతసేపూ కంటి మీద పల్చటి నీటి పొర పరుచుకునే ఉంటుంది. అడుగున జిగురు, మధ్యన నీరు, ఆ నీరు గాలికి ఆరిపోకుండా పైన సన్నని నూనె. రెప్ప పడ్డప్పుడల్లా అరుగు అలికినట్టు ఆ పొరని కొత్తగా పరిచి పోతుంది. ఆ నునుపు చెడితే వెలుగు చెదిరిపోతుంది, చూపు మసకేస్తుంది. ఇందాక మీకు అయింది అదే.

ముప్పై ఏళ్ళపాటు పదో తరగతి పిల్లలకి భౌతికశాస్త్రం చెప్పాను. కన్ను పాఠం వచ్చిందంటే బోర్డు మీద గుండ్రం గీసి, బాణాలు వేసి, కార్నియా, నేత్రోదకం, కంటిపాప, కటకం, కాచావత్ ద్రవం, రెటీనా అని పేర్లు రాయించేవాణ్ణి. పిల్లలు వరస తప్పకుండా అప్పజెప్పేవారు. కానీ ఒకరి కంట్లోకి ఒకర్ని చూడమని ఎప్పుడూ చెప్పలేదు. ఆ పని మొన్న కార్తీకమాసంలో మా మనవరాలు చేయించింది. తులసికోట దగ్గర ప్రమిద పట్టుకుని నా ఎదురుగా కూర్చుని, "తాతయ్యా, నీ కంట్లో దీపం ఉంది" అంది. ఎన్ని దీపాలో లెక్కపెట్టమన్నాను. ఒకటే అంది. సరేనని ప్రమిద నేను తీసుకుని, చుట్టూ లైట్లు ఆర్పించి, దాని కంటికి జానెడు దూరంలో కొంచెం పక్కగా పట్టుకుని చూశాను. మీరూ ఇంటికెళ్ళి చూడండి, పిల్లల కళ్ళలో బాగా కనపడతాయి. ఒకటి మిలమిలా మెరుస్తూ నిటారుగా ఉంటుంది. దాని వెనకాల ఇంకాస్త పెద్దది, పొగ పట్టినట్టు మసగ్గా, అదీ నిటారే. కళ్ళు చికిలించి వెతికితే మూడోది దొరుకుతుంది. చిన్న చుక్కంత, తలకిందులుగా. ప్రమిద కుడికి జరిపితే మొదటి రెండూ కుడికి వెళతాయి, ఆ మూడోది ఎడమకి పోతుంది!

మొదటిది కంటి ముందు పొర అద్దంలా పనిచేస్తే కనపడేది. రెండోది లోపలున్న కటకం ముందు ముఖం మీద, మూడోది అదే కటకం వెనక ముఖం మీద పడ్డవి. వెనక ముఖం లోపలికి గుంటగా ఉంటుంది కనక గరిటె గుంటలో మన మొహం తిరగబడినట్టు దీపం తిరగబడుతుంది. పుర్కింజె అనే చెక్ శాస్త్రవేత్త 1823లో వీటిని వివరించాడు. పరికరాలు లేని ఆ రోజుల్లో వైద్యులు కొవ్వొత్తి పట్టుకుని ఆ తలకిందుల దీపం కోసమే వెతికేవారట. అది కనపడకపోతే కటకం మసకబారిందని తెలిసేది.

మన భాషలో కంటి నడిమి నల్లచుక్కని పాప అంటాం. ఎదుటివాళ్ళ కంట్లోకి చూస్తే మన బొమ్మే పసిపిల్లంత కనపడుతుంది కదా, ఆ పేరు అలా వచ్చిందేమోనని నాకు అనిపిస్తుంది. ఆ పాపని చూపించేది కార్నియా అద్దం. నల్లగుడ్డు మీద గడియారానికి అద్దం బిగించినట్టు ఉండే పొర అది. అడ్డంగా పన్నెండు మిల్లీమీటర్లు ఉండదు. మందం అర మిల్లీమీటరు, అంటే నోట్‌పుస్తకంలో ఐదు కాగితాలు కలిపి పట్టుకున్నంత. అందులో ఒక్క రక్తనాళం లేదు, ఉంటే వెలుగుకి అడ్డమే. తనకి కావలసిన ప్రాణవాయువులో ఎక్కువ భాగం కన్నీటిలో కరిగిన గాలి నుంచే తీసుకుంటుంది.

చాలామంది కంట్లో వెలుగుని వంచే పనంతా లోపలి కటకానిదే అనుకుంటారు. కాదండీ. కళ్ళద్దాల షాపులో ప్లస్ రెండు, మైనస్ ఒకటిన్నర అని పవర్ చెబుతారే, ఆ లెక్కలో మన కన్ను మొత్తం పవర్ సుమారు అరవై. అందులో నలభై మూడు ఈ ఐదు కాగితాల మందం పొరదే. గాలిలోంచి నీరులాంటి దానిలోకి దిగేటప్పుడు వెలుగు వేగం తగ్గి దారి వంగుతుంది. కాలవలో దించిన గడకర్ర విరిగినట్టు కనపడటం మనకి తెలిసిందే. గాలికీ కంటికీ మధ్య సరిహద్దు ఈ పొరే కాబట్టి పెద్ద వంపు ఇక్కడే పడుతుంది.

దీనికి రుజువు మీ చిన్నతనంలోనే ఉంది. కాలవలో మునిగి కళ్ళు తెరిచేవారు కదా? పక్కన మునిగినవాడి మొహం కూడా పోల్చుకోలేనంత మసగ్గా ఉండేది. నీళ్ళు మురికనుకునేవాళ్ళం. తేటనీటిలోనూ అంతే. బయటా నీరే, లోపలా దాదాపు నీరే అయినప్పుడు వెలుగు వంగటానికి సరిహద్దేదీ? నలభై మూడు పవర్లో దాదాపు అంతా నీళ్ళలో కలిసిపోతుంది. ఈతకళ్ళద్దాలు పెట్టుకుంటే కంటి ముందు మళ్ళీ కాస్త గాలి నిలుస్తుంది, చూపు తిరిగొస్తుంది.

మరి చేప మాటేమిటి? దానికి పుట్టినప్పటినుంచీ నీళ్ళే. కార్నియా వల్ల దానికి ఒరిగేది ఏమీ లేదు. అందుకే మొత్తం భారం కటకం మీద వేసుకుంది. బొచ్చె తలకాయ పులుసు తిన్నవాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. కంట్లోంచి ఊడివచ్చే గట్టి తెల్లని గోళీ ఉంటుందే, అదే చేప కంటి కటకం. మనది కందిపప్పు బద్దలు రెండు కలిపినట్టు రెండువైపులా ఉబ్బి అంచుల్లో పల్చగా ఉంటుంది. చేపది పూర్తిగా గుండ్రం, అంత గుండ్రంగా ఉంటేనే నీళ్ళలో వెలుగు వంగుతుంది.

ఈసారి చేప తెచ్చినప్పుడు వండకముందే ఆ గోళీ తీసి, కడిగి, పేపర్లో అక్షరాల మీద పెట్టండి. గాజుపూసలా తేటగా ఉంటుంది, కింద అక్షరం పెద్దదై కనపడుతుంది. తర్వాత దాన్నే మరిగే నీళ్ళలో వేయండి. కాసేపటికి ముత్యంలా తెల్లబడిపోతుంది. గుడ్డులో తెల్లసొన ఉడికినట్టే, లోపలి మాంసకృత్తులు వరస చెదిరి గడ్డకడతాయి. ముసలితనంలో మన కంట్లో శుక్లం వచ్చినప్పుడు జరిగేదీ ఇదే కోవలోది. పొయ్యి మీద రెండు నిమిషాల్లో అయ్యే పని కంట్లో ఏళ్ళ తరబడి నెమ్మదిగా జరుగుతుంది.

శుక్లం మాట తర్వాత చెబుతాను. ముందు ఆ పై పొర గురించి ఒకటి చెప్పకుండా ముందుకు పోలేను.

మా మేనత్త కొడుకు, నాకు బావ వరస, కోడూరు వైపు పల్లెలో సేద్యం చేసేవాడు. ఒక సంక్రాంతి ముందు ధాన్యం తూర్పారబడుతుంటే వరి పొల్లు కంట్లో పడింది. నలుసే కదా అని తువ్వాలు కొసతో తీసేశారు. మర్నాటికి ఎర్రబడింది. ఎవరో నందివర్ధనం పూల రసం పిండమన్నారు, ఇంకెవరో చనుబాలు పోయమన్నారు. నాలుగో రోజున మందుల షాపులో అడిగి చుక్కల మందు తెచ్చి వేసుకున్నాడు. ఎరుపు తగ్గినట్టే తగ్గింది. పది రోజులకి నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ తేలింది. ఊళ్ళో వాళ్ళు కంట్లో పువ్వేసిందన్నారు. ఆ కన్ను మళ్ళీ వెలుగు చూడలేదు.

వరి పొల్లుతో, ఆకులతో, చెత్తతో గీరుకున్న కంట్లో బూజు జాతి క్రిములు పుండు పెడతాయి. వాపు తగ్గించే స్టెరాయిడ్ చుక్కలు అలాంటి పుండుకి మేత వేసినట్టే. పైకి ఎరుపు తగ్గుతుంది, లోపల పుండు తినేస్తూ పోతుంది. మానాక మిగిలే మచ్చే పువ్వు. నలభై మూడు పవర్ ఉన్న అద్దం మీద సున్నం చల్లినట్టు అవుతుంది. ఇప్పుడు కోత మిషన్లు వచ్చినా ఆ మిషను వెనకాల లేచే పొల్లు తక్కువేం కాదు. దయచేసి మీ ఇంట్లో వాళ్ళకి చెప్పండి. కంట్లో నలుసు పడితే శుభ్రమైన నీళ్ళతో కడగండి, నులమకండి, ఆకు పసర్లు పోయకండి, ఒక్కరోజులో తగ్గకపోతే కంటి డాక్టరు దగ్గరికే వెళ్ళండి. మందులషాపుకి కాదు.

పువ్వేసిన పొరని తీసి, చనిపోయినవారి కంటి పొరని అమర్చొచ్చు. 1905లోనే ఎడ్వర్డ్ జిర్మ్ అనే వైద్యుడు ఆ పని చేసి చూపించాడు. రక్తనాళాలు లేని పొర కాబట్టి మనిషి శరీరం దాన్ని పరాయిదని తొందరగా తిప్పికొట్టదు. మన తెలుగునాట ఈ పనికి ఊతమైన మనిషి గుల్లపల్లి నాగేశ్వరరావు గారు. గుంటూరులో వైద్యం చదివి, ఢిల్లీ ఎయిమ్స్‌లో కంటి వైద్యం నేర్చుకుని, అమెరికాలో పనిచేసి తిరిగొచ్చి, 1987లో హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిని నిలబెట్టారు. సినిమా దర్శకుడు ఎల్.వి. ప్రసాద్ గారు దానికి స్థలమూ డబ్బూ ఇచ్చారు. అక్కడ రామాయమ్మ నేత్రనిధి ఉంది. మన వైపు వాళ్ళకి దగ్గరగా తాడిగడపలోనూ ఆ సంస్థ ఆసుపత్రి ఉంది. నేత్రదానం అంటే మన వాళ్ళు మొహం పాడవుతుందని జంకుతారు. అలా ఏమీ కాదు. ప్రాణం పోయిన ఆరు గంటల లోపు కబురు చేయాలి. ఈలోగా ఫ్యాను ఆపి, రెప్పలు మూసి, పైన తడి దూది పెట్టాలి. కళ్ళజోడు ఉన్నా, శుక్లాల ఆపరేషను అయినా ఇవ్వొచ్చు. మా ఇంట్లో ఇప్పటికి ఇద్దరివి ఇచ్చాం.

ఇంకో కొబ్బరి మట్ట వేయండి. ఆఁ, అలా.

పొర దాటాక వెలుగు నీళ్ళలాంటి నేత్రోదకంలోంచి పోతుంది. ఆ నీరు లోపల ఊరుతూ ఒక మూల నుంచి పోతూ ఉంటుంది, మన కాలవకి లాకులున్నట్టు. పోయే దారి మూసుకుంటే లోపల ఒత్తిడి పెరిగి వెనకాల నరాన్ని నొక్కేస్తుంది. నీటికాసులంటే చాలామందికి అదే. దాని తర్వాత కంటిపాప. పట్టపగలు రెండు మిల్లీమీటర్లకి ముడుచుకుని, చీకట్లో ఎనిమిది దాకా విచ్చుకునే రంధ్రం. మిట్టమధ్యాహ్నం గుడివాడ రోడ్డు మీంచి మ్యాట్నీకి హాల్లోకి అడుగుపెడితే పక్కవాళ్ళ కాళ్ళు తొక్కుకుంటూ పోతాం కదా, పాప క్షణాల్లోనే విచ్చుకుంటుంది. ఆలస్యం అంతా వెనకాల రెటీనాది. దానికి పూర్తిగా చీకటి అలవడటానికి అరగంట పడుతుంది.

పాప వెనకాలే కటకం. కార్నియా పవర్ మారదు, ఈ కటకానిది మారుతుంది. చుట్టూ ఉన్న కండరం బిగిస్తే కటకం పట్టు సడలి ఉబ్బుతుంది, దగ్గరిది తేటపడుతుంది. మనవరాలిని దీపం పక్కన నా వేలు చూడమన్నప్పుడు ఆ రెండో దీపం గబుక్కున చిన్నదైంది. కటకం ఉబ్బటం కళ్ళారా చూశాను! ఆ పిల్లకి పుస్తకం ముక్కుకి ఆనించినా అక్షరం కనపడుతుంది. నలభై దాటాక కటకం గట్టిపడి ఉబ్బనంటుంది. సంస్కృతంలో నలభైని చత్వారింశత్ అంటారు, మన చత్వారం అందులోంచి వచ్చిందే. జబ్బుకి వయసునే పేరుగా పెట్టిన మాట ఇది.

చత్వారం బరువు ఎంతో తెలియాలంటే బందరు చిలకలపూడి వీధుల్లోకి వెళ్ళాలి. చిలకలపూడి బంగారమని ఊరూరా పేరు పడ్డ నగలు చేసేది అక్కడే. ఆవగింజంత రాయిని పట్టకారుతో పట్టి గూట్లో పొదగాలి. పెడనలో కలంకారీ అచ్చులు చెక్కేవారిదీ ఇదే అవస్థ. టేకు దిమ్మ మీద వెంట్రుకంత గీత తప్పినా గుడ్డ మీద పువ్వు చెదురుతుంది. చెయ్యి తిరిగిన వయసు వచ్చేసరికి చూపు చేతి దూరానికి పోతుంది. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కూలీలకి దగ్గరచూపు అద్దాలు ఇచ్చి చూశారు. అద్దాలు పెట్టుకున్నవాళ్ళు పెట్టుకోనివాళ్ళ కంటే సుమారు 22 శాతం ఎక్కువ ఆకు కోశారని 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చింది. ఆకు కోతకే అంత తేడా ఉంటే రాయి పొదిగేవారి సంగతి ఆలోచించండి. రెండు మూడు వందల రూపాయల అద్దాలు లేక పని మానుకున్న చేతులు మన చుట్టూ ఎన్నున్నాయో.

ఇక శుక్లం. మా అమ్మమ్మది అవనిగడ్డకి దిగువన పల్లె. 1974లో ఆవిడకి ఆపరేషనయింది. అప్పట్లో కటకాన్ని మొత్తంగా తీసేసేవారు, బదులు ఏమీ పెట్టేవారు కాదు. దాని పవర్ లోటు పూడ్చటానికి సోడాబుడ్డి అద్దాలు ఇచ్చేవారు. అద్దాలు ఉన్నంతసేపూ అమ్మమ్మ బియ్యంలో రాళ్ళు ఏరేది. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. దివిసీమలో పదివేలమందికి పైగా పోయిన రాత్రి అది. అమ్మమ్మని మామయ్య మేడ మీదికి ఎక్కించి బతికించాడు. అద్దాలు నీళ్ళలో పోయాయి. నాలుగు రోజులకి నేను చేరేసరికి ఆవిడ మేడ మెట్టు మీద కూర్చుని, వచ్చినవాళ్ళందరి మొహాలూ చేత్తో తడుముతోంది. నా గడ్డం తడిమి, "పెద్దోడివేనా?" అని అడిగింది. మళ్ళీ అద్దాలు దొరికేదాకా ఎవరు మిగిలారో ఎవరు పోయారో ఆవిడ చేతులతోనే తెలుసుకుంది.

అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళ ముందే, 1949లో లండన్లో హెరాల్డ్ రిడ్లీ అనే డాక్టరు కంటి లోపలే కృత్రిమ కటకం అమర్చాడు. యుద్ధంలో విమానాల అద్దం ముక్కలు పైలట్ల కళ్ళలో గుచ్చుకుని ఏళ్ళ తరబడి ఉన్నా కన్ను వాటిని ఓర్చుకోవడం ఆయన గమనించాడు. అదే ప్లాస్టిక్కుతో కటకం చేయించాడు. మా పల్లె దాకా అది రావటానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. మా అమ్మకి ఆపరేషనయ్యేనాటికి వచ్చేసింది. కట్టు విప్పిన రోజు అమ్మ మంచం మీద దుప్పటిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది తెల్లదట్రా? గోధుమరంగుది అనుకుంటున్నానే" అంది. వయసుతో కటకం పసుపుబారుతుంది, లోకమంతా ఆ రంగు అద్దంలోంచే కనపడుతుంది. ఉప్పెన ఎత్తుకుపోలేని చోట ఉన్న అద్దం అమ్మ కంట్లో ఉందని ఆ పూట నాకు అనిపించింది.

కటకం వెనకాల జీళ్ళపాకంలా తేటగా కాచావత్ ద్రవం. కంటి బంతిలో ఎక్కువ చోటు దానిదే. ఆకాశంకేసి చూస్తే దోమల్లా ఆడేవి అందులో తేలే పోగుల నీడలు. ఉన్నట్టుండి అవి గుంపులుగా వచ్చి మెరుపులు కూడా మెరిస్తే మాత్రం ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

చివరికి రెటీనా. ఈ మంట అక్కడ తలకిందులుగా పడుతుంది. కెప్లర్ 1604లోనే ఆ మాట చెప్పాడు. నిటారు చేసేదెవరని పిల్లలు అడిగేవారు. ఎవరూ తిప్పక్కర్లేదు, లోపలికి పోయేది బొమ్మ కాదు, నరాల కబురు. ఆ కబురు తీసుకుని నరం బయటికి వెళ్ళే చోట మాత్రం చూపు లేదు. కాగితం మీద పక్కపక్కన ఎనిమిది సెంటీమీటర్ల దూరంలో రెండు చుక్కలు పెట్టి, ఎడమ కన్ను మూసి, కుడి కంటితో ఎడమ చుక్కనే చూస్తూ కాగితాన్ని జానెడు పైచిలుకు దూరంలో ముందుకీ వెనక్కీ జరపండి. ఒకచోట కుడి చుక్క మాయమైపోతుంది.

రెటీనాలో రంగులు చూసే శంకువులు అరవై లక్షలు, చీకట్లో చూసే దండాలు పన్నెండు కోట్లు. నేరుగా చూసినదాని వెలుగు పడే నట్టనడుమ అన్నీ శంకువులే, దండాలు అసలు లేవు. ఇది నాకు ఏటిమొగ రేవులో ఒక పడవ సరంగు చూపించాడు, శాస్త్రం పేరెత్తకుండా. అమావాస్య చీకటి. ఎదురుమొండి నుంచి రావలసిన పడవ ఇంకా రాలేదు. నేను నీళ్ళమీదికి కళ్ళప్పగించి చూస్తున్నాను, ఏమీ లేదు. "అలా గుచ్చి చూడకండి మాస్టారూ, కాస్త పక్కకి చూడండి" అన్నాడు. పక్కన మడచెట్ల వైపు చూపు తిప్పాను. కంటి కొసలో చిన్న చుక్క వెలిగింది. దానికేసి తిరిగితే పోయింది. మళ్ళీ మడచెట్లని చూస్తే మళ్ళీ వచ్చింది. ఏ రంగూ లేని చుక్క. ఇద్దరం అలా పక్కకి చూస్తూనే నిలబడ్డాం. చాలాసేపటికి ఇంజను చప్పుడు వినిపించింది, నేరుగా చూసినా చుక్క పోవటం మానేసింది. అప్పుడు తెలిసింది, ఆ దీపం ఆకుపచ్చదని.